సాంఘికమితి

సాంఘికమితి అనగా ఒక సమూహంలోని వ్యక్తుల మధ్య గల ఇష్టాయిష్టాలను, సాన్నిహిత్యాన్ని, దూరాన్ని వారు చేసుకొనే ఎంపికల ద్వారానే కొలిచే పద్ధతి. ఆంగ్లంలో దీనిని సోషియోమెట్రీ అంటారు. మనోవైద్యుడు, సాంఘిక మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అయిన జేకబ్ లెవీ మొరెనో 1930వ దశకంలో దీనిని ఒక శాస్త్రీయ పద్ధతిగా రూపొందించాడు. బాలల సాంఘిక వికాసాన్ని, సమవయస్కులతో వారికి గల సంబంధాలను అధ్యయనం చేయడానికి పరిశోధకులు నేటికీ దీనిని విరివిగా ఉపయోగిస్తున్నారు. తెలుగు రాష్ట్రాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందే విద్యార్థులకు ఇది పాఠ్యాంశం.

తరగతిలో అల్లరి చేసే బాలుడు ఉపాధ్యాయునికి కనిపిస్తాడు. మార్కులు తగ్గిన బాలిక కూడా కనిపిస్తుంది. కాని ఎవరూ పక్కన కూర్చోవడానికి ఇష్టపడని పిల్లవాడు, ఎవరికీ గుర్తుకు రాని పిల్ల హాజరు పట్టీలో గాని, మార్కుల జాబితాలో గాని కనిపించరు. అటువంటి వారిని గుర్తించడం, వారి స్థితిని మార్చడానికి ఏమి చేయవచ్చునో తెలుసుకోవడం సాంఘికమితి ముఖ్య ప్రయోజనం.

మొరెనో - తొలి పరిశోధనలు

మొరెనో 1889లో రుమేనియాలోని బుఖారెస్ట్ నగరంలో జన్మించాడు. వియన్నాలో వైద్యవిద్య అభ్యసించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వియన్నా సమీపంలోని మిట్టెర్న్‌డార్ఫ్ శరణార్థి శిబిరంలో పనిచేశాడు. మనుషులను వారి ఇష్టంతో నిమిత్తం లేకుండా ఒకచోట చేర్చినప్పుడు కలిగే ఇబ్బందులను అక్కడ గమనించాడు. 1925లో అమెరికాకు వలస వెళ్లాడు. నాటక ప్రక్రియ ద్వారా మానసిక చికిత్స చేసే సైకోడ్రామాకు కూడా ఈయనే ఆద్యుడు. 1974లో మరణించాడు.

న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో బాలికల శిక్షణా పాఠశాల ఒకటి ఉండేది. న్యాయస్థానాలు పంపిన బాలికలు అక్కడ వేరువేరు కుటీరాలలో నివసించేవారు. 1932లో కేవలం రెండు వారాల వ్యవధిలో 14 మంది బాలికలు అక్కడి నుండి పారిపోయారు. మామూలుగా పారిపోయేవారితో పోలిస్తే ఇది 30 రెట్లు ఎక్కువ. ఆ బాలికల గుణగణాలలో కారణం వెదకడానికి బదులు, మొరెనో తన సహచరి హెలెన్ హాల్ జెన్నింగ్స్‌తో కలిసి వారి మధ్య గల స్నేహాలను చిత్రించాడు. పారిపోయినవారు స్నేహ బంధాల గొలుసులో ఒకరితో ఒకరు ముడిపడి ఉన్నారు. ఒకరు పారిపోవాలన్న ఆలోచన ఆ గొలుసు వెంట మరొకరికి చేరింది. తాము ఆ గొలుసులో ఏ స్థానంలో ఉన్నామో ఆ బాలికలకే తెలియకపోవచ్చునని మొరెనో భావించాడు. కుటీరాల కేటాయింపులో బాలికల ఎంపికలను లెక్కలోకి తీసుకోవాలని ఆయన సూచించాడు. ఈ పరిశోధన వివరాలు 1934లో వెలువడిన 'హూ షల్ సర్వైవ్?' అనే గ్రంథంలో ఉన్నాయి.

బ్రూక్లిన్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో మొరెనో మరొక పరిశీలన చేశాడు. శిశు తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు పిల్లలను 'నీ పక్కన ఎవరు కూర్చుంటే నీకు ఇష్టం?' అని అడిగాడు. అందరికీ ఇష్టులైనవారు ఎవరో, ఎవరూ కోరనివారు ఎవరో ఉపాధ్యాయులను కూడా ఊహించమన్నాడు. ఇందులో తేలిన ముఖ్యాంశాలు:

* చిన్న తరగతులలో బాలురు బాలికలను, బాలికలు బాలురను ఎంచుకోవడం కొంత కనిపించింది. మధ్య తరగతులకు వచ్చేసరికి అది బాగా తగ్గిపోయింది.
* వయస్సు పెరిగేకొద్దీ పరస్పర ఎంపికలు పెరిగాయి. అనగా తనను కోరినవారినే తానూ కోరడం ఎక్కువైంది.
* తరగతి పెరిగేకొద్దీ ఉపాధ్యాయుల ఊహలు తప్పడం కూడా ఎక్కువైంది.

మూడవ అంశం గమనించదగినది. చిన్నపిల్లల స్నేహాలు పెద్దల కళ్లెదుటనే నడుస్తాయి. పిల్లలు ఎదిగేకొద్దీ వారి లోకం పెద్దలకు మూసుకుపోతుంది. సహాయం ఎక్కువగా అవసరమయ్యే వయస్సులోనే ఉపాధ్యాయుని చూపు తగ్గుతున్నదని దీని అర్థం.

పద్ధతి

విద్యార్థులకు చిన్న కాగితాలు ఇచ్చి, నిర్దిష్టమైన ఒక సందర్భాన్ని చెప్పి, తమకు ఇష్టమైన ముగ్గురి పేర్లు రహస్యంగా రాయమంటారు. 'విహారయాత్రకు వెళ్తే నీ జట్టులో ఎవరు ఉండాలి?' వంటి ప్రశ్న అడుగుతారు. వచ్చిన ఎంపికలను బాణపు గుర్తులతో చిత్రిస్తే అది సాంఘిక చిత్రం, లేదా సోషియోగ్రామ్ అవుతుంది. ఎక్కువ బాణాలు వచ్చి చేరినవారిని 'తారలు' అని, ఒక్క బాణమైనా చేరనివారిని 'ఏకాకులు' అని అంటారు. తమలో తామే ఎంచుకొనే చిన్న గుంపులను 'ముఠాలు' అంటారు.

1982లో జాన్ కూయీ, కెన్నెత్ డాడ్జ్, హైడి కాపొటెల్లి అనే పరిశోధకులు ఈ పద్ధతికి మరింత నిశితత్వాన్ని తెచ్చారు. ఇష్టమైన ముగ్గురితో పాటు ఇష్టం లేని ముగ్గురి పేర్లు కూడా అడిగారు. ఇష్టపడినవారి సంఖ్య నుండి ఇష్టపడనివారి సంఖ్యను తీసివేస్తే వచ్చేది 'సాంఘిక ప్రాధాన్యం'. రెండింటినీ కలిపితే వచ్చేది 'సాంఘిక ప్రభావం'. అనగా మొదటిది ఆ పిల్లవాడు ఎంతగా నచ్చాడో చెబుతుంది, రెండవది ఎంతగా గుర్తుకు వచ్చాడో చెబుతుంది.

ఒక కల్పిత తరగతిని ఉదాహరణగా తీసుకొందాం. అందులో 42 మంది పిల్లలు ఉన్నారు.

* సలీమా: ఇష్టపడినవారు 14, ఇష్టపడనివారు 1. ప్రాధాన్యం 13, ప్రభావం 15. ఈమె 'ఆదరణ పొందిన' బాలిక.
* రాజు: ఇష్టపడినవారు 1, ఇష్టపడనివారు 15. ప్రాధాన్యం -14, ప్రభావం 16. ఇతడు 'తిరస్కృతుడు'.
* నీరజ: ఇష్టపడినవారు 0, ఇష్టపడనివారు 0. ప్రాధాన్యం 0, ప్రభావం 0. ఈమె 'ఉపేక్షిత'.
* వెంకటేశు: ఇష్టపడినవారు 9, ఇష్టపడనివారు 8. ప్రాధాన్యం 1, ప్రభావం 17. ఇతడు 'వివాదాస్పదుడు'.
* మేరీ: ఇష్టపడినవారు 3, ఇష్టపడనివారు 2. ప్రాధాన్యం 1, ప్రభావం 5. ఈమె 'సగటు' వర్గానికి చెందినది.

ప్రాధాన్యం ఒక్కటే చూస్తే నీరజ, వెంకటేశు, మేరీ ముగ్గురూ దాదాపు సమానులే. ప్రభావం కూడా చూసినప్పుడు వారి స్థితిగతులు పూర్తిగా వేరని తెలుస్తుంది. వాస్తవ పరిశోధనలలో ఈ అంకెలను తరగతి సగటుతో సరిపోల్చి ప్రామాణిక గణాంకాలుగా మార్చిన తరువాతనే వర్గీకరిస్తారు.

తిరస్కృతులు - ఉపేక్షితులు

స్నేహితులు లేని పిల్లలందరూ ఒకే రకం వారు కారని తేల్చడం ఈ పరిశోధనల ముఖ్య ఫలితం. ఇష్టమైన ఎంపికలను మాత్రమే చూపే చిత్రంలో వీరందరూ ఏకాకులుగానే కనిపిస్తారు. కాని ఉపేక్షితుల పట్ల తోటివారికి ద్వేషం లేదు, కేవలం మరపు మాత్రమే ఉంది. వీరి స్థితి చాలావరకు తాత్కాలికం. తరగతి మారితే, కొత్త జట్టు దొరికితే మారిపోతుంది. తిరస్కృతుల స్థితి అటువంటిది కాదు. అది ఏళ్ల తరబడి కొనసాగే అవకాశం ఎక్కువ.

1983లో కూయీ, జానిస్ కూపర్‌స్మిట్ చేసిన ప్రయోగం దీనిని స్పష్టం చేసింది. నాల్గవ తరగతి బాలురను నలుగురేసి చొప్పున చిన్న గుంపులుగా చేసి వారానికి ఒకమారు ఆడించారు. కొన్ని గుంపులలో ఒకే తరగతివారు, మరికొన్నింటిలో ఒకరికొకరు తెలియనివారు ఉన్నారు. పాత సంగతులు తెలియని కొత్త గుంపులో కూడా తిరస్కృతులు కొద్ది సమావేశాలలోనే మళ్లీ తిరస్కృతులయ్యారు. ఉపేక్షితులు మాత్రం కొత్తవారి మధ్య మునుపటికంటె చొరవగా మెలిగారు.

తిరస్కృతికి గల కారణాలలో ఒకదానిని డాడ్జ్ వివరించాడు. ఒక బాలుడు నడుస్తూ మరొకరి బొమ్మను తన్నాడనుకొందాం. అది పొరపాటో, కావాలని చేసినదో తెలియదు. దుడుకు స్వభావం గల పిల్లలు అటువంటి సందిగ్ధ సందర్భాలలో ఎదుటివాడు కావాలనే చేశాడని భావిస్తారు. ఆ భావంతో తిరగబడతారు. దానితో తోటివారు మరింత దూరమవుతారు. వారు దూరమైనకొద్దీ, 'అందరూ నాకు శత్రువులే' అన్న అభిప్రాయం ఆ పిల్లవానిలో బలపడుతుంది. ఈ విషవలయాన్ని శిక్షతో ఛేదించలేము. తిరస్కృతులందరూ దుడుకువారు కారు. భయస్తులై ముడుచుకుపోయేవారు కూడా వారిలో ఉన్నారు.

ఈ స్థితి ఎంతవరకు ప్రమాదకరమో 1973లో ఎమరీ కోవెన్ బృందం ప్రచురించిన దీర్ఘకాలిక పరిశీలన తెలియజేస్తుంది. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ప్రాథమిక పాఠశాల పిల్లల గురించి సేకరించిన సమాచారాన్ని, దశాబ్దం గడిచిన తరువాత ఆ ప్రాంతపు మానసిక చికిత్సల నమోదు పట్టికతో సరిపోల్చారు. ఎవరికి మానసిక సమస్యలు రాగలవో సూచించడంలో మార్కులకంటె, ఉపాధ్యాయుల అంచనాలకంటె తోటి పిల్లల అభిప్రాయాలే మిన్నగా నిలిచాయి. అయితే తిరస్కృతి వలననే ఆ సమస్యలు వచ్చాయని ఇంతమాత్రాన నిర్ధారించలేము. అప్పటికే మొదలైన ఇబ్బందిని తోటి పిల్లలు పెద్దలకంటె ముందే పసిగట్టి ఉండవచ్చు.

ఆదరణ - స్నేహం

తరగతిలో పదిమందికి నచ్చడం వేరు, ఒక మంచి స్నేహితుడు ఉండడం వేరు. మొదటిది సమూహం ఇచ్చే స్థానం, రెండవది ఇద్దరి మధ్య ఉండే బంధం. 1993లో జెఫ్రీ పార్కర్, స్టీవెన్ ఆషర్ చేసిన పరిశోధనలో, ఆదరణ తక్కువగా ఉన్న పిల్లలలో కూడా పలువురికి పరస్పర స్నేహితులు ఉన్నట్లు తేలింది. ఆదరణ ఎంత ఉన్నా, స్నేహితుడు లేని పిల్లలు ఎక్కువ ఒంటరితనాన్ని అనుభవిస్తున్నట్లు కూడా తేలింది. తోటివారి వేధింపులకు గురైన పిల్లలకు ఒక ఆప్తమిత్రుడు ఉంటే దాని దుష్ఫలితాలు తగ్గుతాయని 1999లో ఎర్నెస్ట్ హాడ్జెస్ బృందం చూపింది. కాబట్టి ఒక పిల్లవానిని తరగతి మొత్తానికి ఇష్టుడిని చేయవలసిన అవసరం లేదు. ఒక్క స్నేహితుడు దొరికినా చాలు.

సంస్కృతీ భేదాలు

పైన పేర్కొన్న పరిశోధనలు చాలావరకు అమెరికా, కెనడాలలో జరిగినవి. వాటి ఫలితాలు అన్ని సమాజాలకు యథాతథంగా వర్తించవు. దీనికి మంచి ఉదాహరణ చైనాలో జిన్‌యిన్ చెన్ చేసిన పరిశోధన. షాంఘైలోని ప్రాథమిక పాఠశాల పిల్లలను 1990, 1998, 2002 సంవత్సరాలలో పరిశీలించగా, 1990లో బిడియస్తులైన పిల్లలకు తోటివారి ఆదరణ, నాయకత్వ స్థానాలు, మంచి మార్కులు లభించాయి. 2002 నాటికి అదే స్వభావం తిరస్కృతితోను, దిగులుతోను ముడిపడింది. పిల్లల స్వభావం మారలేదు. ఆ స్వభావానికి సమాజం కట్టే విలువ మారింది.

తెలుగు కుటుంబాలలో కూడా నోరు మెదపని పిల్లవానిని 'బుద్ధిమంతుడు' అని మెచ్చుకోవడం వాడుక. నేటి పాఠశాలలు చొరవను, మాటకారితనాన్ని కోరుతున్నాయి. ఇంట్లో మెప్పు పొందిన గుణమే బడిలో మరుగున పడడానికి కారణమయ్యే అవకాశం ఉన్నది.

తెలుగు ప్రాంతంలో

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జరుగుతున్న యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, భారతదేశం, పెరూ, వియత్నాం దేశాలలోని పిల్లలను 2002 నుండి అనుసరిస్తున్నది. భారతదేశంలో దీనికి ఎంపికైనది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. హైదరాబాదుతో పాటు శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి సుమారు 3,000 మంది పిల్లలు ఇందులో ఉన్నారు. వీరిలో సుమారు 2,000 మంది అప్పటికి ఏడాది వయస్సువారు, 1,000 మంది ఎనిమిదేళ్లవారు. తోటివారితో తమకు గల సంబంధాలను గురించి ఈ పిల్లలను అడగడానికి హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రూపొందించిన ప్రశ్నావళిలోని అంశాలను ఉపయోగించారు.

ఈ సమాచారం ఆధారంగా 2016లో వెలువడిన ఒక యునిసెఫ్ పరిశోధనా పత్రం 15 ఏళ్ల వయస్సులో తోటివారి వేధింపులకు గురైనవారు 19 ఏళ్లకు ఎలా ఉన్నారో పరిశీలించింది. కొట్టడం, తిట్టడం మాత్రమే కాక, వెలివేయడం, అవమానించడం, వస్తువులను లాక్కోవడం కూడా వేధింపులుగా లెక్కించారు. నాలుగు దేశాలలోను ఈ అనుభవానికి, తరువాతి కాలపు ఆత్మవిశ్వాసం, మానవ సంబంధాల లోపాలకు మధ్య సంబంధం కనిపించింది. అయితే ఇది సాంఘికమితి కాదు. ఇందులో ప్రతి పిల్లవానిని అతని గురించే అడుగుతారు. సాంఘికమితిలో అతని గురించి తోటివారిని అడుగుతారు.

సమవయస్కుల ప్రాధాన్యాన్ని ఆచరణలో గుర్తించిన తెలుగు ప్రయత్నం మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్‌ది. శాంతా సిన్హా నాయకత్వంలో ఈ సంస్థ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడిలో చేర్చే పని చేపట్టింది. పన్నెండేళ్ల పిల్లవానిని ఒకటవ తరగతిలో ఆరేళ్లవారి పక్కన కూర్చోబెడితే సిగ్గుతో బడి మానేస్తాడు. అందువలన వసతి శిబిరాలలో ముందుగా చదువు నేర్పి, వయస్సుకు తగిన తరగతిలో చేర్చారు. 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం వయస్సుకు తగిన తరగతిలో ప్రవేశాన్ని హక్కుగా గుర్తించింది.

తరగతి గోడల వెలుపల: అబిడ్స్, నాంపల్లి

సాంఘికమితి ఒక తరగతిలోని పిల్లల మధ్య గల దూరాన్ని మాత్రమే కొలుస్తుంది. ఆ తరగతిలోకి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది దాని లెక్కకు అందదు. హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతం దీనికి తగిన ఉదాహరణ. 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, 1855 నాటి ఆల్ సెయింట్స్, 1895 నాటి స్టాన్లీ బాలికల పాఠశాల, 1904 నాటి రోజరీ కాన్వెంట్, 1953 నాటి లిటిల్ ఫ్లవర్ వంటి పేరున్న విద్యాలయాలు ఇక్కడ నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నాయి. వాటికి సమీపంలోనే ప్రభుత్వ పాఠశాలలు కూడా ఉన్నాయి. తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడే కుటుంబాలు ఇక్కడ కలసి నివసిస్తున్నాయి. అయినా రుసుము, బోధనా మాధ్యమం, కొన్నిచోట్ల బాలబాలికల విభజన కారణంగా ఒకే వీధి పిల్లలు వేరువేరు తరగతులకు పోతారు. ఒకే గదిలో లేనివారు ఒకరినొకరు ఎంచుకోలేరు, తిరస్కరించనూ లేరు.

వేరువేరు బడుల పిల్లలు కలిసే స్థలాలు కొన్ని ఈ ప్రాంతంలో ఉన్నాయి. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌లో గల జవహర్ బాల భవన్‌లో సంగీతం, నృత్యం, చిత్రలేఖనం వంటివి నేర్పుతారు. 1938లో ఇదే ఉద్యానవనంలో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ ఏటా పిల్లలను ఆకర్షిస్తుంది. అయితే ఒకే ఆవరణలో ఉన్నంత మాత్రాన స్నేహం కలగదు. కలిసి చేయవలసిన పని ఉండాలి.

ఢిల్లీలో ఆర్థిక శాస్త్రవేత్త గౌతమ్ రావు చేసిన పరిశోధన దీనిని బలపరుస్తుంది. 2007 తరువాత అక్కడి ఖరీదైన ప్రైవేటు పాఠశాలలు కొంతమంది పేద పిల్లలను చేర్చుకోవలసి వచ్చింది. పేద సహాధ్యాయులతో చదివిన సంపన్నుల పిల్లలలో ఉదారత పెరిగిందని, పేద పిల్లల పట్ల వివక్ష తగ్గిందని 2019లో ప్రచురితమైన ఈ పరిశోధన తెలిపింది. కొన్ని పాఠశాలలలో పేర్ల అక్షర క్రమాన్ని బట్టి అధ్యయన బృందాలు ఏర్పరచారు. ఆ విధంగా పేద పిల్లలతో ఒకే బృందంలో పడినవారిలో ఈ మార్పుకు వారి మధ్య ఏర్పడిన ప్రత్యక్ష పరిచయం ఎక్కువగా తోడ్పడింది. అనగా ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న చిన్న నిర్ణయానికి కూడా పెద్ద ఫలితం ఉంటుంది.

ఉపాధ్యాయులకు ఉపయోగాలు

* కూర్చునే వరుసలు, ప్రయోగశాల జట్లు, ఆటల జట్లు ఏర్పరచేటప్పుడు ఏకాకిని అతడు కోరుకొన్న వారిలో కనీసం ఒకరితో కలపవచ్చు.
* ఆటలకు జట్టు నాయకులే ఒక్కొక్కరినీ ఎంచుకొనే పద్ధతిలో చివరకు మిగిలేది ప్రతిసారీ ఒకే పిల్లవాడు. దానికి బదులు ఉపాధ్యాయుడే జట్లు వేయడం మేలు.
* స్నేహం చేసే నేర్పును బోధించవచ్చు. 1977లో షెర్రీ ఓడెన్, స్టీవెన్ ఆషర్ ఒంటరి పిల్లలకు ఆటలో పాల్గొనడం, వంతు ఇవ్వడం, మాట్లాడడం, తోటివారిని ప్రోత్సహించడం నేర్పగా వారి ఆదరణ పెరిగింది. ఏడాది తరువాత కూడా ఆ మెరుగుదల నిలిచింది.
* 1971లో ఇలియట్ ఆరన్‌సన్ అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ప్రవేశపెట్టిన 'జిగ్‌సా' పద్ధతిలో పాఠాన్ని భాగాలుగా చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగం ఇస్తారు. ప్రతి ఒక్కరి మాటా మిగిలినవారికి అవసరమవుతుంది కనుక ఎవరినీ ఉపేక్షించడానికి వీలుండదు.

పరిమితులు, జాగ్రత్తలు

పిల్లలు రాసిన పేర్లను ఎట్టి పరిస్థితులలోను బహిరంగపరచరాదు. సాంఘిక చిత్రాన్ని తరగతి గోడకు అంటించడం, సిబ్బంది గదిలో చర్చకు పెట్టడం హానికరం. 'నీకు ఎవరు ఇష్టం లేదు?' అన్న ప్రశ్న పిల్లల మనసులలో కొత్త ద్వేషాలు నాటగలదన్న ఆక్షేపణ ఉంది. అందువలన పరిశోధకులు తల్లిదండ్రుల అనుమతి తీసుకొంటారు. ఆ ప్రశ్నకు బదులుగా, తరగతిలోని ప్రతి ఒక్కరితో ఆడడం ఎంత ఇష్టమో ఒకటి నుండి ఐదు వరకు అంకె వేయించే పద్ధతి కూడా ఉన్నది. ఉపాధ్యాయుడు తన తరగతిలో అనుకూలమైన ఎంపికలను మాత్రమే అడగడం క్షేమకరం.

సాంఘికమితి ఫలితం ఆనాటి స్థితిని మాత్రమే చూపుతుంది. కొద్ది వారాలలోనే అది మారవచ్చు. కనుక 'ఏకాకి', 'తిరస్కృతుడు' అనేవి పిల్లవానికి తగిలించే బిరుదులు కావు. అవి ఆ తరగతిలో అతనికి అప్పటికి లభించిన స్థానానికి పేర్లు. హడ్సన్ పాఠశాలలో మొరెనో పారిపోయిన బాలికల స్వభావాన్ని వదిలి వారి మధ్య గల సంబంధాలను చూసినట్లే, ఇక్కడ కూడా ముందుగా మార్చవలసినది పిల్లవానిని కాదు, అతని చుట్టూ ఉన్న అమరికను.

ఇవి కూడా చూడండి

* శిశు వికాసం
* సాంఘిక మనస్తత్వ శాస్త్రం
* విద్యాహక్కు చట్టం
* శాంతా సిన్హా
* పబ్లిక్ గార్డెన్స్